కైరోలో నీడలు కొలిచిన ఏడు రోజులు

మొదటి రోజు

తమ్ముడి ఫ్లాటుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. వాడు నాలుగేళ్లుగా కైరోలోనే ఉద్యోగం చేస్తున్నాడు. ఫిబ్రవరి మధ్య కదా, ఎండ ఉన్నా గాలి చల్లగా ఉంది. స్నానం చేసి నడుం వాల్చానో లేదో కిటికీ బయట అజాన్, నమాజుకు పిలుపు, మొదలైంది. ఒక మసీదులో పిలుపు సగం అయ్యేసరికి పక్క వీధి మసీదు అందుకుంది, దాని వెనక ఇంకోటి. ఫోన్ తీసి చూశాను. నా నమాజు యాప్ ప్రకారం అసర్‌కి, ఎండ వాలాక చేసే నమాజుకి, ఇంకా ముప్పావు గంట ఉంది.

"యాప్‌లో హనఫీ అని పెట్టుంటావు ఆపా. ఇక్కడ లెక్క వేరు" అన్నాడు తమ్ముడు.

హనఫీ అంటే ఇమామ్ అబూ హనీఫా చెప్పిన పద్ధతి, మా ఇంటి పద్ధతి. లెక్క నాకు తెలియనిది కాదు. ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు చరిత్ర పాఠం చెబుతున్నాను. ఒక వస్తువు నీడ, నడిమధ్యాహ్నపు నీడను మినహాయించి, ఆ వస్తువు ఎత్తుకు సమానమైనప్పుడు అసర్ మొదలవుతుందని ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫిఈ, ఇమామ్ అహ్మద్ ఇబ్న్ హంబల్ చెప్పారు. రెండింతలు కావాలని ఇమామ్ అబూ హనీఫా చెప్పారు. ఆయన ఇద్దరు పెద్ద శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ కూడా ఈ విషయంలో గురువుతో ఏకీభవించలేదు. ఇదంతా పుస్తకాల్లో చదివిందే. చెవితో వినడం మాత్రం ఇదే మొదటిసారి. ఎనిమిదో శతాబ్దంలో జరిగిన వాదన ఒకటి ఇవాళ నా మధ్యాహ్నపు నిద్ర చెడగొట్టింది!

మగ్రిబ్‌కి, పొద్దుగూకాక చేసే నమాజుకి, వీధి చివరి మసీదుకు వెళ్లాం. ఆడవాళ్లకు పైన గది. నమాజు చేయించే ఇమామ్ ఖుర్‌ఆన్ మొదటి సూరా ఫాతిహా ముగించగానే కింద మగవాళ్లంతా ఒక్క గొంతుతో "ఆమీన్" అన్నారు, పైన నా పక్కనున్న ఆడవాళ్లు కూడా వినపడేలా అన్నారు. మా ఇంట్లో నేర్చుకున్న పద్ధతిలో ఆమీన్ మనసులోనే అనుకుంటాం. నేను అలాగే అనుకున్నాను. పక్కనున్న పెద్దావిడ నమాజు అయ్యాక నా చేయి పట్టుకుని దువా చేసింది.

పిరమిడ్లు ఈసారి చూడనని తమ్ముడికి ముందే చెప్పేశాను. ఇస్లాంలో ఆరాధన, ధర్మశాస్త్రం, చదువు ఏ శతాబ్దంలో ఎలా రూపం కట్టుకున్నాయో ఒకే ఊళ్లో నడిచి చూడాలన్నది నా కోరిక. అందుకు కైరోని మించింది లేదని నా నమ్మకం.

రెండో రోజు

పొద్దున్నే బాబ్ అల్ ఖల్క్‌లోని ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం. 2014 జనవరిలో దీని ఎదురుగా కారు బాంబు పేలి భవనం, లోపలి వస్తువులు బాగా దెబ్బతిన్నాయి. మరమ్మతులు చేసి 2017లో మళ్లీ తెరిచారు. గాజు దీపాలు, చెక్క తలుపులు, పింగాణీ అన్నీ అందంగానే ఉన్నాయి కానీ నేను వచ్చింది ఒక రాయి కోసం.

అదొక సమాధి రాయి. పెద్దదేం కాదు, నగిషీ ఏమీ లేదు. గీతలు వంకరటింకరగా ఉన్నాయి. బడికి కొత్తగా వచ్చిన పిల్లవాడు పలక మీద రాసినట్టు అక్షరాలు ఒకచోట ఇరుక్కుని, ఒకచోట విడివిడిగా ఉన్నాయి. చివర తేదీ ఉంది, సంవత్సరం 31. అంటే క్రీస్తుశకం 652. ప్రవక్త ముహమ్మద్ (స, అంటే ఆయనకు శాంతి కలుగుగాక) కన్నుమూసి అప్పటికి ఇరవై ఏళ్లు. ఖలీఫా ఉమర్ హిజ్రీ లెక్క, అంటే ఇస్లామీ సంవత్సరాల లెక్క, మొదలుపెట్టి పదిహేనేళ్లు కూడా కాలేదు. తేదీతో దొరికిన ముస్లిం సమాధి రాళ్లలో ఇదే అన్నిటికంటే పాతది.

అక్షరాలకు చుక్కలు లేవు. అరబీ లిపిలో చుక్క లేకపోతే బ, త, స, న ఒకేలా ఉంటాయి, జ, హ, ఖ ఒకేలా ఉంటాయి. అందుకే ఈ చనిపోయిన మనిషి తండ్రి పేరు ఖైర్ అని కొందరు, జబ్ర్ అని కొందరు చదువుతారు. ఖుర్‌ఆన్ పఠనాలను గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి అంత జాగ్రత్తగా ఎందుకు అందించారో ఈ రాయి ముందు నిలబడితే అర్థమవుతుంది. ఆ లిపి అప్పటికి జ్ఞాపకానికి సాయం మాత్రమే, అసలు గ్రంథం మనుషుల గొంతుల్లో ఉండేది.

రాత తీరు చాలా సాదా. అబ్దుర్రహ్మాన్ అనే ఈ మనిషిని మన్నించమని, అతనితో పాటు మమ్మల్ని కూడా నీ కరుణలోకి తీసుకోమని అల్లాహ్‌ను వేడుకోవడం. తర్వాత చదివేవాళ్లకు ఒక విన్నపం: ఈ రాత చదివినప్పుడు అతని కోసం మన్నింపు అడగండి, ఆమీన్ అనండి. తమ్ముడు ఒక్కో పదం చూపించి చదువుతుంటే ఆ మాట దగ్గర నా కళ్లు చెమర్చాయి. పదమూడు వందల డెబ్బై ఏళ్ల క్రితం ఎవరో అడిగిన చిన్న కోరిక. ఆమీన్ అన్నాను, మా పద్ధతిలో, మనసులోనే.

మధ్యాహ్నం మెట్రోలో మార్ గిర్గిస్ స్టేషన్‌లో దిగి అమ్ర్ మసీదుకు నడిచాం. అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ ఈజిప్టును గెలిచి ఫుస్తాత్ పట్నం కట్టినప్పుడు, 641-42 ప్రాంతంలో ఈ మసీదు మొదలైంది. ఆఫ్రికా ఖండంలో మొదటి మసీదు. ఇప్పుడు కనిపించే పాలరాతి వరండాలలో ఆ కాలపు ఇటుక ఒక్కటీ లేదు, ఎన్నోసార్లు కూల్చి పెంచి కట్టారు. నిజం చెప్పాలంటే కట్టడంగా నన్నంతగా కదిలించలేదు. నన్ను కట్టిపడేసింది ఇక్కడ మొదట్లో లేనివాటి జాబితా. ఖర్జూరపు దుంగలు, మట్టి ఇటుకలు, ఆకుల కప్పు. మీనార్ లేదు. కిబ్లా గోడలో, అంటే మక్కా వైపు గోడలో, ఇవాళ ప్రతి మసీదులో కనిపించే గూడు, మిహ్రాబ్, అది కూడా లేదు. మీనార్లు 673లో గవర్నర్ మస్లమా చేర్పించాడు. గూడు ఎనిమిదో శతాబ్దం మొదట్లో వచ్చింది. అమ్ర్ తాను నిలబడి మాట్లాడడానికి ఒక మింబర్ చేయించుకుంటే, "ముస్లింలు నీ కాళ్ల కింద కూర్చోవడం నీకు సరిపోలేదా" అనే అర్థంలో ఖలీఫా ఉమర్ ఉత్తరం రాసి తీయించారని ఈజిప్టు తొలి చరిత్రకారులు రాశారు. నేనెరిగిన మసీదు రూపంలో ఎంత భాగం తర్వాతి తరాలు ఒక్కొక్కటిగా కూర్చినదో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా, ఆ విశాలమైన ముంగిట్లో కూర్చుని లెక్కపెట్టుకుంటే వేరుగా ఉంది.

మూడో రోజు

టాక్సీ ఎక్కగానే రేడియోలో ఖుర్‌ఆన్ పారాయణం. ఈజిప్టులో పొద్దస్తమానం దానికోసమే నడిచే స్టేషన్ 1964లో మొదలైంది. డ్రైవర్ ఒక చేత్తో హారన్ కొడుతూ, పెదవులతో ఆ వాక్యాలను కలిపి చదువుతున్నాడు. ఇమామ్ షాఫిఈ దగ్గరికి అని చెప్పగానే "మన ఇమామ్" అన్నాడట అరబీలో. ఎవరో బంధువు ఇంటికి తీసుకెళ్తున్నట్టే మాట్లాడాడు.

దక్షిణాన ఖరాఫా శ్మశానంలో ఉంది ఆయన సమాధి మీది గుంబద్. 1211లో అయ్యూబీ సుల్తాన్ కామిల్ కట్టించాడు. చెక్కతో చేసి పైన సీసం రేకు తొడిగిన గుంబద్, దాని శిఖరం మీద చిన్న లోహపు పడవ. పక్షులకు గింజలు పోయడానికని కొందరు, ఇమామ్ జ్ఞాన సముద్రానికి గుర్తని కొందరు చెబుతారు. 2021లో మరమ్మతులు పూర్తయ్యాయి కాబట్టి లోపలి రంగులు ఇప్పుడు చక్కగా కనిపిస్తున్నాయి. మధ్యలో టేకు సమాధి పెట్టె, దాని చెక్కడం సలాహుద్దీన్ కాలంనాటిది.

షాఫిఈ జీవితమే ఒక యాత్ర. అబూ హనీఫా చనిపోయిన 767లోనే గాజాలో పుట్టారు. మదీనా వెళ్లి మాలిక్ దగ్గర చదువుకున్నారు. బాగ్దాద్‌లో అబూ హనీఫా శిష్యుడు షైబానీ దగ్గర కూర్చున్నారు. మదీనా వాళ్లు తమ ఊరి ఆచారాన్నే ప్రమాణంగా చూపేవారు, ఇరాక్ వాళ్లు తర్కానికి పెద్దపీట వేసేవారు. రెండు వైపులా చదివిన మనిషి కాబట్టి ఇద్దరి బలమూ బలహీనతా ఆయనకు తెలుసు. ఒక తీర్పు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ వరుసలో వెతకాలి అన్న ప్రశ్నకు 'అర్రిసాలా' అనే పుస్తకంలో ఒక పద్ధతి కట్టారు: ముందు ఖుర్‌ఆన్, తర్వాత ప్రవక్త (స) సున్నత్, అంటే ఆయన మాటలు, నడవడి, తర్వాత సమాజపు ఏకాభిప్రాయం, చివరికి పోలిక మీద నడిచే తర్కం. 815 ప్రాంతంలో ఈజిప్టు వచ్చి, నిన్న మేం కూర్చున్న అమ్ర్ మసీదులో పాఠం చెప్పారు. ఇక్కడికి వచ్చాక బాగ్దాద్‌లో తాను ఇచ్చిన అభిప్రాయాల్లో చాలావాటిని మార్చుకున్నారు. అందుకే షాఫిఈ గ్రంథాల్లో 'పాత మాట', 'కొత్త మాట' అని ఇప్పటికీ విడిగా రాస్తారు. యాభై దాటే వయసులో, పేరు వచ్చాక, తన మాట తానే దిద్దుకున్న పండితుడు! నాకు ఆయన మీద ఉన్న గౌరవంలో సగం ఇందుకే. 820లో ఇక్కడే కన్నుమూశారు.

జనం ఆయనకు ఉత్తరాలు రాస్తారు. భూమి తగాదా, కోడలి మీద ఫిర్యాదు, తప్పిపోయిన కొడుకు, ఇలా. పన్నెండు వందల ఏళ్ల క్రితం పోయిన న్యాయశాస్త్రవేత్తకు వినతిపత్రాలు. 1960లలో ఒక ఈజిప్టు సామాజిక శాస్త్రవేత్త ఈ ఉత్తరాల మీదే ఒక పరిశోధన చేశారు. ఇది తగదనే పండితులు ఉన్నారు, వాళ్ల వాదన నాకు తెలుసు, దాంట్లో బలం కూడా ఉంది. అయినా నల్ల దుస్తులు వేసుకున్న ఒక తల్లి సమాధి చుట్టూ కట్టిన జాలీ తడిక దగ్గర మడిచిన కాగితం పట్టుకుని నిలబడి ఉంటే నేను చూపు పక్కకు తిప్పుకున్నాను. అది ఆమె సొంత విషయం.

అక్కడికి దగ్గర్లోనే లైస్ ఇబ్న్ సఅద్ సమాధి. యాత్రికులు పెద్దగా రారు. మేం వెళ్లినప్పుడు కాపలా పెద్దాయన తప్ప ఎవరూ లేరు. లైస్ ఈజిప్టులోనే పుట్టిన మహా న్యాయవేత్త, 791లో పోయారు. మదీనా ఆచారాన్నే అందరూ పాటించాలని ఇమామ్ మాలిక్ ఆయనకు ఉత్తరం రాస్తే, ఎంతో మర్యాదగా ఒప్పుకోనని జవాబు రాశారు. ప్రవక్త (స) సహచరులు దేశదేశాలకు వెళ్లారు, ఎక్కడివాళ్లు అక్కడ తమకు తెలిసినదాని ప్రకారం తీర్పులిచ్చారు, వాళ్లలో వాళ్లకే భేదాలుండేవి, అలాంటప్పుడు ఒక్క ఊరి అలవాటు అందరికీ ఎలా చట్టమవుతుంది అన్నది ఆయన ప్రశ్న. ఆ జవాబు మిగిలింది. ఆయన మజ్హబ్, అంటే ఆయన పేర నడిచే ధర్మశాస్త్ర సంప్రదాయం, మాత్రం మిగల్లేదు. "ఫిఖ్హ్‌లో (ధర్మశాస్త్రంలో) లైస్ మాలిక్‌ను మించినవాడు, కాని శిష్యులు ఆయన్ని నిలబెట్టలేదు" అని షాఫిఈ అన్నట్టు గ్రంథాలు చెబుతాయి.

ఆ మాట నన్ను రోజంతా వదల్లేదు. ఇవాళ సున్నీలకు నాలుగు మజ్హబ్‌లు అని పిల్లలు పరీక్షలో రాసేస్తారు. తొలి శతాబ్దాల్లో అలాంటివి ఇంకెన్నో ఉండేవి. సిరియాలో ఔజాఈ, బాగ్దాద్‌లో తబరీ, ఇక్కడ లైస్. వాళ్ల చదువు తక్కువేం కాదు. రాసుకుని, కంఠస్థం చేసి, ఇంకో ఊరికి మోసుకెళ్లి, ఎదుటివాడు అడిగితే సమాధానం చెప్పే శిష్యులు కొందరికి దొరికారు, కొందరికి దొరకలేదు. షాఫిఈకి రబీ దొరికాడు, ముజనీ దొరికాడు, బువైతీ దొరికాడు. ఖుర్‌ఆన్ సృష్టించబడినదని ఒప్పుకోమని 833లో ఖలీఫా మామూన్ పండితుల మీద ఒత్తిడి మొదలుపెట్టాడు. ముఅతజిలా తర్కవాదులది ఆ సిద్ధాంతం. అహ్మద్ ఇబ్న్ హంబల్ కొరడా దెబ్బలు తిని కూడా ఒప్పుకోలేదు. బువైతీని ఈజిప్టు నుంచి సంకెళ్లతో బాగ్దాద్ తీసుకెళ్లారు, 846లో జైల్లోనే ప్రాణం పోయింది. విశ్వాసం ఏమిటో రాజు ఆజ్ఞతో తేల్చాలన్న ఆ ప్రయత్నం నిలవలేదు, కొన్నేళ్లకు ఖలీఫా ముతవక్కిల్ దాన్ని ఆపేశాడు.

సాయంత్రం సయ్యిదా నఫీసా మసీదు. ప్రవక్త (స) మనవడు హసన్‌కు మునిమనవరాలు. మదీనాలో పెరిగి ఈజిప్టుకు వచ్చిన పండితురాలు. షాఫిఈ ఆమె ఇంటికి వచ్చి వెళ్లేవారని, ఆయన పోయినప్పుడు జనాజా (పాడె) ఆమె ఇంటి ముందుకు తెస్తే ఆమె నమాజు చేశారని చెబుతారు. ఆడవాళ్ల వైపు ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకావిడ అందరికీ రొట్టె ముక్కలు పంచుతోంది. నాకూ ఒకటి చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోయింది.

నాలుగో రోజు

రాత్రి నుంచి జ్వరం. మధ్యాహ్నం దాకా పడుకున్నాను. తమ్ముడికి టెన్షన్, "ఇవాళ వద్దు ఆపా" అంటూనే ఉన్నాడు. నాలుగింటికి కాస్త తెరిపిచ్చాక ఇబ్న్ తులూన్ మసీదుకు మాత్రం వెళ్లొచ్చాం.

879లో పూర్తయిన మసీదు, దాదాపు అప్పటి రూపంలోనే నిలిచి ఉంది. అబ్బాసీ ఖలీఫాల గవర్నర్‌గా 868లో వచ్చిన ఇబ్న్ తులూన్ తాను పెరిగిన ఇరాక్‌లోని సామర్రా పద్ధతిలో ఇటుక స్తంభాలు, బయటి నుంచి మెట్లు చుట్టుకుంటూ పోయే మీనార్ కట్టించాడు. నేను మీనార్ ఎక్కలేదు. ముంగిట్లో కూర్చుని ఇంకో సంగతి గుర్తు చేసుకున్నాను. షియా రాజవంశమైన ఫాతిమీల సేనాని జౌహర్ ఈజిప్టును గెలిచాక, 970లో షియా అజాన్‌లోని "హయ్య అలా ఖైరిల్ అమల్", మేలైన పనికి రండి అన్న వాక్యం ఇక్కడి మీనార్ నుంచే ఈజిప్టులో మొదట వినిపించింది. రెండు వందల ఏళ్లు వినిపించి ఆగిపోయింది.

ఐదో రోజు

ముఇజ్ వీధి. ఉత్తరపు గోడ నుంచి మొదలుపెట్టి కిందికి నడిచాం. ఫాతిమీలు ఇస్మాయిలీ షియాలు, 969లో వచ్చి కట్టిన కొత్త రాజధానే అల్ ఖాహిరా, కైరో. అల్ హాకిమ్ మసీదు తెల్లటి పాలరాతితో మెరుస్తోంది. ఆ వంశాన్ని గురుపరంపరగా భావించే దావూదీ బోహ్రాలు 1980లలో దీన్ని బాగు చేయించారు. ముంగిట్లో టోపీలు, రంగురంగుల రిదాలు (బోహ్రా ఆడవాళ్ల దుస్తులు) వేసుకున్న బోహ్రా కుటుంబం ఒకటి కనిపించింది. ఉర్దూలో పలకరిస్తే వాళ్ల అమ్మమ్మ నన్ను వదల్లేదు. ఆవిడ మింబర్ వైపు చూస్తూ నెమ్మదిగా ఏదో చదువుకుంటుంటే నేనూ పక్కన కూర్చున్నాను. నేను చరిత్ర అనుకుంటూ వచ్చిన చోటు ఆవిడకు పుట్టిల్లు.

ఇంకొంచెం ముందుకు 1125 నాటి అల్ అఖ్మర్ మసీదు. ద్వారం పైన శంఖంలా విచ్చుకున్న రాతి చెక్కడం, దాని నడుమ గుండ్రటి పతకం. మధ్యలో 'ముహమ్మద్' పేరు, ఆయన అల్లుడు 'అలీ' పేరు, చుట్టూ ఖుర్‌ఆన్ వాక్యం. ఫాతిమీల సిద్ధాంతమంతా అరచేతి వెడల్పులో చెక్కి పెట్టారు. వాళ్ల తర్వాత వచ్చిన సున్నీ పాలకులెవరూ ఆ పతకాన్ని చెరిపేయలేదు.

1171లో సలాహుద్దీన్ ఫాతిమీ ఖిలాఫత్‌ను ముగించాడు. అప్పుడు ఫాతిమీలు కట్టిన అల్ అజ్హర్ మసీదు గతి ఏమైందన్నది నాకు చాలా ఇష్టమైన కథ. ఒక ఊళ్లో ఒకే జుమా, శుక్రవారపు సామూహిక నమాజు, ఉండాలన్నది షాఫిఈల మాట. కొత్త ప్రధాన ఖాజీ ఇబ్న్ దిర్బాస్ షాఫిఈ. కైరో మొత్తానికి ఒకే జుమా, అది పెద్దదైన అల్ హాకిమ్‌లో అని తీర్పిచ్చాడు. దాంతో అల్ అజ్హర్‌లో శుక్రవారపు ఖుత్బా (ప్రసంగం) దాదాపు వందేళ్లు ఆగిపోయింది. 1266లో మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ కాలంలోగాని తిరిగి మొదలవలేదు. రాజకీయం లేదని కాదు, ఉంది. కానీ ఆ రాజకీయానికి కూడా ఒక ఫిఖ్హ్ వాక్యం కావాల్సి వచ్చింది.

ఇషాకు, రాత్రి నమాజుకు, హుసేన్ మసీదులో ఉన్నాం. ప్రవక్త (స) మనవడు ఇమామ్ హుసేన్ శిరస్సును 1153లో అస్కలాన్ నుంచి ఇక్కడికి తెచ్చారని ఈజిప్టువాళ్ల నమ్మకం. షియా రాజ్యం పోయి ఎనిమిదిన్నర శతాబ్దాలైంది. సున్నీ కైరో అహ్లె బైత్ (ప్రవక్త కుటుంబం) మీద ప్రేమను మాత్రం తన సొంతం చేసుకుంది. జాలీ పట్టుకుని "యా హుసేన్" అంటున్నవాళ్లంతా సున్నీలే.

ఆరో రోజు

సుల్తాన్ హసన్ మద్రసా. తల వెనక్కి వాల్చి ద్వారం చివర చూసేసరికి స్కార్ఫ్ జారిపోయింది. 1356లో మొదలై 1363 దాకా కట్టారు. ప్లేగుతో ఊళ్లు ఖాళీ అయిన కాలం. 1361లో ఒక మీనార్ కూలి దాదాపు మూడు వందలమంది చనిపోయారు. ఆ తర్వాత కొద్ది కాలానికే సుల్తాన్‌ను చంపేశారు, శవం కూడా దొరకలేదు. ఆయన కోసం కట్టిన గుంబద్ కింద ఆయన లేడు.

చీకటి నడవాలో రెండు మూడు మలుపులు తిరిగి ఒక్కసారిగా వెలుగులోకి వస్తాం. మధ్యలో వజూ చేసే, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే, మండపం. నాలుగు వైపులా నాలుగు భారీ కమానులు, ఇవాన్‌లు. మూలల్లో నాలుగు తలుపులు, ఒక్కో తలుపు వెనక ఒక్కో మద్రసా. హనఫీ, షాఫిఈ, మాలికీ, హంబలీ. ఒక్కోదానికీ సొంత ముంగిలి, అంతస్తుల మీద అంతస్తులుగా విద్యార్థుల గదులు. గురువుల జీతాలు, పిల్లల తిండి, దీపాల నూనె అన్నీ వక్ఫ్ ఆస్తుల ఆదాయం నుంచి వచ్చేవి. దేవుడి పేర రాసిచ్చిన పొలం, అంగడి, సత్రం అమ్మడానికి వీల్లేదు, అది పండినంత కాలం పాఠం నడవాలి. శతాబ్దాల తరబడి ఇస్లామీ చదువును బతికించింది ఈ ఏర్పాటే అని నా గట్టి నమ్మకం.

నేను హనఫీ తలుపు దగ్గర కూర్చున్నాను. 1265లో బైబర్స్ షాఫిఈ ఖాజీ ఒక్కడే ఉండే పద్ధతి మార్చి, నాలుగు మజ్హబ్‌లకూ నలుగురు ప్రధాన ఖాజీలను పెట్టాడు. తొంభై ఏళ్లు గడిచాక ఆ నిర్ణయమే ఇలా రాతిలో లేచింది. గొడవలు లేకపోలేదు. డమాస్కస్ నుంచి వచ్చిన హంబలీ పండితుడు ఇబ్న్ తైమియాను 1306లో బయట ఎదురుగా ఉన్న కైరో కోటలోనే బంధించారు. సూఫీల మీద ఆయన విమర్శలకు వ్యతిరేకంగా షాజిలీ సూఫీ గురువు ఇబ్న్ అతావుల్లా జనంతో ఆ కోటకే నడిచి వెళ్లారు. మాలికీ ఖాజీగా పలుమార్లు నియమితుడై, పలుమార్లు పదవి పోగొట్టుకున్న చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఈ ఊళ్లోనే 1406లో పోయారు. ఆయన భార్యాపిల్లలు ఆయన్ని చేరడానికి బయలుదేరి సముద్రంలో మునిగిపోయారు. తన పుస్తకాల్లో అంత పెద్ద రాజ్యాల పుట్టుక, పతనం గురించి రాసిన మనిషి ఆ వార్త ఎలా విన్నాడో అని చాలాసేపు ఆలోచించాను.

బయటికి వస్తుంటే ఒక కాపలాదారు కిబ్లా ఇవాన్‌లో నిలబడి, చెవి మీద చేయి పెట్టుకుని "అల్లాహ్" అని గొంతెత్తి పలికాడు. ఆ ఒక్క మాట నాలుగు కమానులూ తిరిగి నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. ఇరవై పౌండ్లు ఇచ్చాం.

ఏడో రోజు

అల్ అజ్హర్‌ను చివరి రోజుకు కావాలనే దాచుకున్నాను. 972లో మొదటి నమాజు, 975లో మొదటి పాఠం. ఆ పాఠం షియా ఫిఖ్హ్ మీద. ఇవాళ సున్నీ లోకానికి పెద్దబడిగా పేరున్న చోటు షియా బడిగా మొదలైంది.

నమాజు హాల్లో స్తంభాల అడవి. ఒకప్పుడు ఒక్కో స్తంభానికి ఒక్కో షేఖ్ ఆనుకుని కూర్చునేవాడు, చుట్టూ విద్యార్థులు. సిరియన్లకు, మగ్రిబీలకు, తుర్కులకు వేరు వేరు వసతి రివాఖ్‌లు ఉండేవి. 1961లో వచ్చిన చట్టం దీన్ని వైద్యం, ఇంజినీరింగ్ కూడా చెప్పే విశ్వవిద్యాలయం చేసింది. ఆ తర్వాత ఆడపిల్లల కళాశాల కూడా తెరిచారు.

ఇక్కడ చదివి, ఇక్కడి బోధన మీద విసిగి, దాన్ని మార్చాలని జీవితమంతా పోరాడిన ముహమ్మద్ అబ్దూ నాకు చాలా దగ్గరివాడు. అర్థం తెలియని బట్టీ భరించలేక చిన్నప్పుడు బడి వదిలి పారిపోయాడు. 1899లో ఈజిప్టు ముఫ్తీ, మతపరమైన తీర్పులిచ్చే పెద్ద, అయ్యాడు. 1903లో దక్షిణాఫ్రికా ట్రాన్స్‌వాల్ నుంచి ఆయనకు మూడు ప్రశ్నలు వచ్చాయి. టోపీ అంటే యూరోపియన్ల హ్యాట్ పెట్టుకోవచ్చా, అక్కడి క్రైస్తవులు కోసిన మాంసం తినవచ్చా అన్నవి రెండు. వీటి మీదే పత్రికల్లో దుమారం రేగింది. మూడోదాన్ని ఎవరూ అంతగా తలచుకోరు: షాఫిఈలు హనఫీ ఇమామ్ వెనక నమాజు చేయవచ్చా? మూడింటికీ అబ్దూ అవుననే చెప్పారు. పిల్లలకు ఈ ఫత్వా చెప్పేటప్పుడు నేను కూడా హ్యాట్ దగ్గరే ఆగేదాన్ని. వారంగా ఈ ఊళ్లో నమాజు చేశాక మూడో ప్రశ్నే అసలైందనిపిస్తోంది.

పక్క వీధిలో ఒక చిన్న ముస్‌హఫ్, ఖుర్‌ఆన్ ప్రతి, కొన్నాను. పఠన గురువు ఆసిమ్ నుంచి శిష్యుడు హఫ్స్ అందుకున్న పఠనం ప్రకారం 1924లో కైరోలో అచ్చయిన ప్రతి తర్వాతి ముద్రణలకు ఒరవడి అయింది. మా ఇంటి ప్రతిలో అక్షరాల తీరు, ఆగే గుర్తులు వేరు. చదివేది అదే పఠనం. రెండిటికీ అలవాటు పడడానికి నాకు నాలుగు పేజీలు పట్టింది.

అసర్ వాళ్ల వేళకే, వాళ్లతోనే చేశాను. తర్వాత ముంగిట్లో కూర్చున్నాం. పక్కన ఇద్దరు ఇండోనేషియా అమ్మాయిలు, ఇక్కడి విద్యార్థినులు, ఒడిలో ఫిఖ్హ్ పుస్తకం. అంచుల నిండా పెన్సిల్ రాతలు. అంతలో నా ఫోన్ మోగింది, హనఫీ అసర్.

"సిస్టర్, ఇప్పుడు ఏ నమాజు?" అని ఇంగ్లీషులో అడిగింది ఒకమ్మాయి. చెప్పాను. వాళ్లు షాఫిఈలు. కానీ ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది, పుస్తకం మూసి అబూ హనీఫా ఎందుకలా అన్నారో చెప్పడం మొదలుపెట్టింది. ఏ హదీసు (ప్రవక్త మాట), ఎండ వేడి చల్లారాక అన్న మాటను ఆయన ఎలా అర్థం చేసుకున్నారు, అబూ యూసుఫ్, షైబానీ ఎక్కడ విడిపోయారు. నాకంటే బాగా చెప్పింది. రెండో అమ్మాయి లేచి, పాలరాయి మీద మిగిలిన ఎండ పట్టీ దగ్గరికి వెళ్లి తన పెన్ను నిటారుగా పట్టుకుంది. మేమంతా వంగి చూశాం. ఇవాళ నడిమధ్యాహ్నం నీడ పెన్ను పొడవుకు కొంచెం తక్కువ ఉండి ఉంటుంది, దాన్ని తీసేయాలి అంది మొదటమ్మాయి. తమ్ముడు ఇంకో పెన్ను తీసి నీడ పొడుగునా పడుకోబెట్టి కొలిచాడు. ఒకటి, రెండు, మూడో పెన్నుకు వేలెడు తక్కువ.

"మీ ఇమామ్ టైమ్ అయింది సిస్టర్" అంది ఆ అమ్మాయి, పెన్ను ఇంకా అలాగే పట్టుకుని.